రేణిగుంటలో దిగాల్సినవాళ్లు మీనంబాకంలో దిగుతున్నారు

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పెద్దలకు, మన రాష్ట్రంలో విమానాశ్రయాల పని చూసే అధికారులకు నమస్కారం.

నాది పీలేరు దగ్గర ఒక పల్లె. 2003 నుంచి ట్రావెల్స్ బండి తోలుతున్నాను. మొదట సుమో, తర్వాత తవేరా, ఇప్పుడు ఎర్టిగా. బండ్లు మారినాయి గానీ రూటు మారలేదు. పీలేరులో బయలుదేరి భాకరాపేట ఘాటు దిగి, చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు, పూనమల్లి దాటుకుని మద్రాసు విమానాశ్రయం ఉన్న మీనంబాకం చేరతాను. అటూ ఇటూ కలిపితే 400 కిలోమీటర్లు. నా బండిలో ఎక్కేవాళ్లలో సగానికి పైగా కువైట్‌కు పోయేవాళ్లు, లేదంటే కువైట్ నుంచి వచ్చేవాళ్లను తెచ్చుకునేందుకు పోయేవాళ్లు. ఇన్నేళ్లలో ఆ దారిలో ఎంతమందిని దింపినానో, ఎంతమందిని ఇంటికి చేర్చినానో లెక్క పెట్టుకోలేదు. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట నుంచే కువైట్‌కు విమానం వేయించమని వాళ్లందరి తరఫునా ఈ ఉత్తరం రాస్తున్నాను.

కువైట్ ట్రిప్పు ఎప్పుడూ రాత్రిపూటే. తెల్లవారుజామున విమానం ఉంటే సాయంత్రం సంగటి తిని బయలుదేరాల. పోయేది ఒకరే, బండిలో మాత్రం ఏడుగురు. అమ్మ, నాయన, పెండ్లాం, పిల్లోళ్లు, ఒక మేనమామ. పైన క్యారియరు మీద తాడు కట్టిన అట్టపెట్టె. దాని నాలుగు పక్కలా మార్కరుతో పేరు, ఫోన్ నంబరు. లోపల నిప్పట్లు, చెనిక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ. ఘాటు దిగేదాకా ఎవరూ మాట్లాడరు. చంద్రగిరి దాటినాక పిల్లోళ్లు నిద్రపోతారు. రేణిగుంట దగ్గరికి వచ్చేసరికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చే విమానం లైట్లు వేసుకుని కిందికి దిగతా కనపడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. ఎక్కువసార్లు అడిగేది ముసలాయనే.

"ఏం నాయనా, ఈడ దిగతా ఉండాది కదా, మనోడు ఈడే ఎక్కితే కాదా?"

మీ ముందు నేను పెడుతున్నది కూడా ఆ ప్రశ్నే.

రేణిగుంట విమానాశ్రయం నిన్న మొన్నటిది కాదు. 1970ల నుంచి ఉంది. 2015 అక్టోబరు 22న, అమరావతికి శంకుస్థాపన జరిగిన రోజునే, ప్రధాని నరేంద్ర మోదీ గారు ఇక్కడికి వచ్చి గరుడ టెర్మినల్‌ను ప్రారంభించినారు. స్వామివారి వాహనం పేరు పెట్టిన టెర్మినల్ అని మా ఊరంతా సంబరపడింది. 2017లో దీన్ని అంతర్జాతీయ విమానాశ్రయంగా గుర్తించినారు. ఆ రోజు పేపరు నేను దాచిపెట్టుకున్నాను. బండిలో ఎక్కినవాళ్లందరికీ చూపించి, "ఇంకొక్క రెండేళ్లు ఓర్చుకోండి, మనం మద్రాసు పోయే పని ఉండదు" అని చెప్పినాను. నా కూలి పోతుందని తెలుసు. అయినా సంతోషంగానే చెప్పినాను. ఆ తర్వాత ఎన్ని రెండేళ్లు గడిచినాయో మీకు తెలుసు. కువైట్‌కు గానీ దుబాయికి గానీ రేణిగుంట నుంచి రెగ్యులర్ విమానం ఇంతవరకూ ఒక్కటీ లేదు.

పోయేది ఎవరో కూడా చెప్పాల. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాలు, పక్కన రాయచోటి, రాజంపేట, కోడూరు. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే కువైట్. మగవాళ్లు 18 నంబరు వీసా మీద కంపెనీ పనికి, లేదంటే 20 నంబరు మీద ఇంటి డ్రైవరుగా పోతారు. ఆడవాళ్లు ఆ 20 నంబరు మీదనే ఇంటి పనికి పోతారు. వాళ్లను అక్కడ ఖద్దామా అంటారు, ఇప్పుడు మా పల్లెల్లోనూ ఆ మాటే వాడతారు. చదువు లేనివాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశంలో పనికి పోయేదానికి మన ప్రభుత్వ అనుమతి, కావాల. ముప్పై ఏళ్లు నిండని ఆడమనిషికి ఆ క్లియరెన్స్ ఇవ్వరు. అందుకే మా బండిలో పోయే ఆడవాళ్లలో చాలామంది అప్పటికే ఇద్దరు పిల్లల తల్లులు. రెండేండ్లకు ఒకసారి రెండు నెలల సెలవు. అకామా, అంటే అక్కడ ఉండేదానికి ఇచ్చే అనుమతి, గడువు దాటకముందే తిరిగి చేరకపోతే పనిలో పెట్టుకున్న సేటు ఊరుకోడు. వాళ్లకు విమానం అంటే విహారం కాదు, పల్లె నుంచి పనికి పోయే బస్సు. ఒక దినారుకు 270 రూపాయల పైమాటే వస్తుందని పొరుగోళ్లు లెక్కలు వేస్తారు. ఆ దినారులో ఎంత భాగం దారి ఖర్చుకు పోతుందో ఎవరూ లెక్క వేయరు. బండి బాడుగ, తమిళనాడు పర్మిట్టు, టోల్‌గేట్లు, మీనంబాకంలో పార్కింగు, సాగనంపే ఏడుగురికి టిఫిన్లు. ఇదంతా టికెట్టు మీద అదనం. నా బాడుగ కూడా అందులో ఉంది కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

ఒక రాత్రి తిరుత్తణికి ఇవతల లారీ అడ్డం పడింది. రెండు పక్కలా మూడు కిలోమీటర్ల దూరం బండ్లు నిలిచిపోయినాయి. నా బండిలో సదుం దగ్గర ఊరి అబ్బోడు ఉన్నాడు. సెలవు మీద వచ్చి, చెల్లెలి పెండ్లి చేసి తిరిగి పోతున్నాడు. అకామా ఇంకో రెండు రోజులే ఉంది. వాడు దిగి, అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని లారీ అవతలికి నడిచి పోయి, అటు పక్క ఒక తమిళ డ్రైవరును బతిమాలుకుని ఎక్కినాడు. అయినా మీనంబాకం చేరేసరికి కౌంటరు మూసేసినారు. టికెట్టు డబ్బులు తిరిగి రాలేదు. మరునాటి విమానానికి అప్పటికప్పుడు కొంటే రెండింతలు. చెల్లెలికి పెట్టిన బంగారులోంచి ఒక గొలుసు తిరిగి కుదువకు పోయింది. ఆ అబ్బోడు తప్పు ఏముంది? తిరుపతికి పదిహేను కిలోమీటర్ల దూరంలో రన్‌వే ఉండగా, ఇంకో రాష్ట్రం రోడ్డు మీద పడిన లారీ వాడి చెల్లెలి మెడలో గొలుసు తీయించింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. పోయినవాళ్లంతా నడుచుకుంటూ రారు. మా పక్క పల్లె అబ్బోడు, ముప్పై ఒక్క ఏళ్లు, నిద్రలోనే పోయినాడు. వాళ్ల నాయనను, చిన్నాయనను నేనే తీసుకుని పోయినాను. దేహం కార్గో వైపు వస్తుంది, ప్రయాణికుల వైపు కాదు. అభ్యంతరం లేదని ఎంబసీ ఇచ్చిన ఎన్‌ఓసీ, డెత్ సర్టిఫికెట్, దేహం చెడకుండా మందు పెట్టినట్టు ఇచ్చే ఎంబామింగ్ సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్టు అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆరోగ్య అధికారి చూడాల, కస్టమ్స్ వాళ్లు చూడాల, తర్వాతే బయటికి ఇస్తారు. పాలప్యాకెట్లు, గుడ్డల మూటలు, యంత్రాల పెట్టెలు పోయే వాకిలి దగ్గర ఆ నాయన ఆరు గంటలు నిలబడినాడు. తమిళం రాదు, ఇంగ్లీషు రాదు. ఎవరు ఏ కాగితం అడుగుతున్నారో తెలియక సంచిలోని కాగితాలన్నీ ప్రతి మనిషికీ చూపిస్తా ఉన్నాడు. అక్కడి ఉద్యోగుల్లో ఒకాయన చిత్తూరు కోడలి తమ్ముడంట, తెలుగు వచ్చు. ఆయన వచ్చి చేయి పట్టుకుని దగ్గరుండి సంతకాలు చేయించినాడు. ఆ మనిషికి ఈ ఉత్తరంలో కూడా దండం పెడుతున్నాను. తర్వాత అంబులెన్సు ముందు, నా బండి వెనక, మళ్లీ అదే 200 కిలోమీటర్లు. రేణిగుంట దాటేటప్పుడు ఆ నాయన ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఢిల్లీ మాట. కువైట్‌లో పని చేసే మా చెల్లెలు 2016లో సెలవుకు వస్తా ఢిల్లీ మీదుగా వచ్చింది. ఆ టికెట్టు చవక. ఇమిగ్రేషన్ వరుసలో ఆలస్యమై, ఇటు వచ్చే రెండో విమానం తప్పిపోయింది. ఇంకో విమానంలో చోటు దొరికేదాకా పందొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుంది. ఎవరిదో ఫోను అడుక్కుని నాకు చేసి, ఏడవకుండా ఉండాలని వేరే మాటలు చెప్పింది. "అన్నా, ఈడ గోడమీద రాగి పళ్లేల మాదిరి అంటించినారు, దాని మీద పెద్ద పెద్ద చేతులు ఉండాయి, మన గుళ్లో దేవుడి చేతుల మాదిరి ముద్రలు పట్టినాయి" అనింది. అభయహస్తం ఉందంట. భయం వేసినప్పుడల్లా ఆ చేతినే తలుచుకున్నానని ఇంటికి వచ్చినాక చెప్పింది.

ఆ మాట విన్నాక ఆ విమానాశ్రయం గురించి తెలుసుకోవాలనిపించింది. పార్కింగులో రాత్రంతా కూర్చునే పని నాది, చదువుకునే తీరిక దొరుకుతుంది. బ్రిటిషు కాలంలో ఢిల్లీకి విల్లింగ్డన్ ఏరోడ్రోమ్ అని ఒకటి ఉండేది. దాన్నే తర్వాత సఫ్దర్‌జంగ్ అన్నారు. పాలం రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం విమానాల కోసం వేసుకున్న మైదానం. పెద్ద విమానాలకు సఫ్దర్‌జంగ్ చాలక 1962లో ప్రయాణికుల విమానాలను పాలంకు మార్చినారు. 1986లో విదేశీ ప్రయాణికులకు కొత్త టెర్మినల్ కట్టి ఇందిరా గాంధీ పేరు పెట్టినారు. 2006లో జీఎంఆర్ ముందుండి నడిపే ఉమ్మడి కంపెనీకి అప్పగించినారు. 2008లో 4,430 మీటర్ల మూడో రన్‌వే వచ్చింది. 2010లో మూడో టెర్మినల్‌ను 37 నెలల్లో కట్టి ముగించినారు. 2023లో నాలుగో రన్‌వే కూడా వచ్చింది. ఈరోజు ఏటా ఏడు కోట్ల మందికి పైగా ఆ వాకిలి గుండా వచ్చిపోతున్నారు. మన దేశం తలవాకిలి అదే.

యుద్ధకాలపు మైదానం అంతటి వాకిలి దానంతట అది కాలేదు. చాలడం లేదని తెలిసిన ప్రతిసారీ ఎవరో ఒకరు పూనుకుని ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆ పూనుకున్నవాళ్లలో మనవాళ్లు ఉన్నారు. ఆ టెర్మినల్ కట్టిన జీఎంఆర్ సంస్థ అధినేత గ్రంధి మల్లికార్జునరావు గారిది రాజాం. శంషాబాదు విమానాశ్రయం కట్టిందీ ఆ సంస్థే. గరుడ టెర్మినల్ తెరిచినప్పుడు, అంతర్జాతీయ హోదా వచ్చినప్పుడు మీ శాఖను చూసినది విజయనగరం అశోక్ గజపతిరాజు గారు. 2024 నుంచి ఆ కుర్చీలో శ్రీకాకుళం వారైన మీరు ఉన్నారు. మంత్రి గారూ, వలస అంటే ఏమిటో మీ జిల్లాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఉద్దానం పల్లెల్లోనూ ప్రతి వీధిలో ఒక తాళం వేసిన ఇల్లు ఉంటుందంట. అందుకే ఈ ఉత్తరం మీకే ముందు రాస్తున్నాను.

తలవాకిలి ఎంత గొప్పగా కట్టినా ఇంట్లో పని నడిచేది పెరటి వాకిలి నుంచే. నీళ్ల బిందె, కట్టెల మోపు, పేడ తట్ట అన్నీ అటే పోతాయి. పెరటి వాకిలికి తాళం వేసి, అందరినీ వీధి చుట్టూ తిరిగి తలవాకిట్లోకి రమ్మంటే ఆ ఇంటి ఆడవాళ్లు ఏమవుతారు? మా చెల్లెలు పందొమ్మిది గంటలు కూర్చున్నది అందుకే.

పెరటి వాకిలి తెరుచుకున్నవాళ్లను కూడా చూసినాను. మలయాళీలు. గల్ఫ్‌లో చెమటోడ్చిన వాళ్లు డబ్బులు వేసుకుని కొచ్చిలో విమానాశ్రయం కట్టుకున్నారు. దాదాపు 30 దేశాల్లో ఉన్న పదివేల మంది ప్రవాసులు అందులో వాటాదారులు. 1999 మే 25న ప్రారంభమైతే, జూన్ 10న మొదటి విమానం దిగింది. అది వచ్చింది కూడా ఎక్కడి నుంచో కాదు, సౌదీలోని దమ్మాం నుంచే. 2024 జూన్ 12న కువైట్ మంగాఫ్‌లో కార్మికులు ఉన్న భవనం కాలి నలభై మందికి పైగా మనదేశం వాళ్లు చనిపోయినప్పుడు, వాయుసేన విమానం దేహాలను తీసుకుని ముందు దిగింది కొచ్చిలోనే. ఎక్కువమంది ఆ ప్రాంతం వాళ్లు కాబట్టి దిగింది, నిజమే. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న మా పల్లెల్లో ఆడవాళ్లు ఇంకో మాట అనుకున్నారు. అయినవాళ్లు వాకిట్లో నిలబడి తీసుకోవడానికి వాళ్లకు ఒక చోటు ఉందని. మరణించిన వాళ్లలో మన రాష్ట్రం వాళ్లు ముగ్గురు.

మద్రాసు దగ్గరే కదా, బెంగళూరు దగ్గరే కదా, ఇంకొకటి ఎందుకని అధికారులు అంటారని విన్నాను. కేరళలో తిరువనంతపురం, కొచ్చి, కోళికోడ్ ఉండగానే 2018 డిసెంబరులో కన్నూరులో నాలుగోది తెరిచినారు. కోళికోడ్ నుంచి కన్నూరుకు ఉన్న దూరం మా పీలేరు నుంచి మీనంబాకానికి ఉన్న దూరం కంటే తక్కువ. రెండు ఊళ్ల నుంచీ గల్ఫ్‌కు విమానాలు పోతున్నాయి.

రన్‌వే చిన్నదని ఇంకో మాట. రేణిగుంటలో రన్‌వే 7,500 అడుగులు, అంటే 2,286 మీటర్లు ఉండేది. దాన్ని 3,810 మీటర్లకు పెంచే పని పెట్టుకున్నారు. పెద్ద విమానాలు రావాలంటే అది కావాల్సిందే. కానీ కువైట్‌కు పోయేది పెద్ద విమానం కాదు. నాలుగైదు గంటల దారి. హైదరాబాదు నుంచి ఇక్కడికి వచ్చే ఎయిర్‌బస్ 320 రకం విమానమే మద్రాసు నుంచి గల్ఫ్‌కు కూడా పోతుంది. మంగళూరులో కొండ మీది రన్‌వే 2,450 మీటర్లే, అక్కడి నుంచి దుబాయికి పోతున్నారు. తిరుచ్చిలో 2,480 మీటర్లే, అక్కడ దేశంలో తిరిగేవాళ్ల కంటే విదేశాలకు పోయేవాళ్లే ఎక్కువ. అసలు ఈ సీమ నేలకు విమానం కొత్త కాదు. 1932లో టాటాలు తొలి టపా విమానం నడిపినప్పుడు బొంబాయి నుంచి మద్రాసుకు పోయే దారిలో అది దిగి ఆగింది అప్పటి మన సీమలోని బళ్లారిలో.

మూడో మాట అన్నిటికంటే గట్టిది. ప్రయాణికులు చాలరంట, అందుకే విమాన సంస్థలు ముందుకు రావంట. ఇక్కడ నాకు నిజంగా కడుపు మండుతుంది. మా వాళ్లు చాలరా? నా బండిలో ఎక్కిన ప్రతి మనిషీ మద్రాసు లెక్కలో పడినాడు. మదనపల్లె వాళ్లు దేవనహళ్లి పోయి బెంగళూరు లెక్కలో పడినారు. రాయచోటి వాళ్లలో కొందరు శంషాబాదు లెక్కలో పడినారు. మా మనుషులను మూడు ఊళ్ల పద్దుల్లో రాసి, రేణిగుంట పద్దు ఖాళీగా ఉందని మమ్మల్నే అంటున్నారు. బావి మీద మూత వేసి నీళ్లు లేవన్నట్టు ఉంది.

దీనికి మందు మీ దగ్గరే ఉంది. కొత్తగా సర్వే చేయనక్కరలేదు. విదేశానికి పోయే ప్రతి మనిషి పాస్‌పోర్టూ ఇమిగ్రేషన్ కౌంటరులో కంప్యూటరులోకి ఎక్కుతుంది. పాస్‌పోర్టులో ఊరి చిరునామా ఉంటుంది. క్లియరెన్స్ తీసుకునేవాళ్ల వివరాలు ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో జిల్లాతో సహా ఉంటాయి. మద్రాసు, బెంగళూరు, హైదరాబాదు నుంచి ఒక్క ఏడాదిలో గల్ఫ్‌కు పోయినవాళ్లలో పాత చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల చిరునామాలు ఎన్నో తీయించండి. ఎవరి పేరూ అక్కర్లేదు, జిల్లావారీగా సంఖ్య చాలు. హోం శాఖను, విదేశాంగ శాఖను మీరు అడిగితే ఇవ్వరా? ఆ సంఖ్యను పేపర్లో వేయించండి. విమాన సంస్థల ముందు పెట్టండి. ఆ సంఖ్య చూసి కూడా రామంటే అప్పుడు నేను ఒప్పుకుంటాను.

సంఖ్య తేలినాక కావాల్సినవి ఏమిటో నాకంటే మీకే బాగా తెలుసు, అయినా బండిలో కూర్చున్నవాళ్లు అర్థం చేసుకున్న తీరులో చెబుతాను. విమానం ఒక్కటే వస్తే చాలదు, దిగిన మనిషిని దేశంలోకి రానిచ్చే బల్లలు కావాల. ఇమిగ్రేషన్ హోం శాఖది. కస్టమ్స్ ఆర్థిక శాఖది, 1962 కస్టమ్స్ చట్టం కింద విమానాశ్రయాన్ని నోటిఫై చేసేది వాళ్లే. ఆరోగ్య అధికారి ఆరోగ్య శాఖ మనిషి. టెర్మినల్ మాత్రం మీది. నాలుగు శాఖలు నాలుగు ఫైళ్లు పెట్టుకుంటే, మొదట విమానం రానీ బల్ల వేస్తామని వాళ్లు, మొదట బల్ల వేయండి విమానం పంపుతామని విమాన సంస్థలవాళ్లు. ఇట్లనే ఏళ్లు గడుస్తాయి. మీరు నలుగురినీ ఒక్క గదిలో కూర్చోబెట్టి ఒక తేదీ వేయించండి. వారానికి రెండు విమానాలు వచ్చే రాత్రుల్లో మద్రాసు నుంచి సిబ్బంది వచ్చి పోయేటట్టు మొదలుపెట్టినా మాకు చాలు.

కువైట్‌తో మనకున్న ఒప్పందంలో 2025 దాకా ఒక్కో దేశం విమానాలకు వారానికి 12,000 సీట్లు ఉండేవి. ఆ ఏడాది వాటిని 18,000కు పెంచినారు. పేపర్లో చదివి బండి పక్కకు ఆపి మళ్లీ చదివినాను. పెరిగిన ఆరు వేలలో వారానికి రెండు విమానాలంటే నాలుగు వందల సీట్లు కూడా కావు. అవి కూడా ఢిల్లీకి, బొంబాయికి, ఇప్పటికే నిండుగా ఉన్న పెద్ద ఊళ్లకే పోవాలా? మన విమాన సంస్థలే కదా, రేణిగుంట నుంచి ఎగరమని అడిగే చనువు మీకు ఉంది. విదేశీ సంస్థలు కూడా రావాలంటే ఒప్పందాల్లో మన ఊరి పేరు ఉండాల. ఆసియాన్, అంటే సింగపూరు, మలేసియా లాంటి ఆగ్నేయాసియా దేశాల విమానాలకు లెక్క లేకుండా తెరిచిన ఊళ్లలో విశాఖ ఉంది, గయ ఉంది. తిరుపతి లేదు. గయకు ఏటా చలికాలంలో బౌద్ధ యాత్రికులు బ్యాంకాక్ నుంచి, యాంగోన్ నుంచి నేరుగా వచ్చి దిగుతారు. రోజూ అరవై డెబ్బై వేల మంది కొండ ఎక్కే ఊరికి సింగపూరు, మలేసియా, శ్రీలంక భక్తులు మాత్రం మద్రాసులో దిగి నా లాంటి వాడి బండి మాట్లాడుకుని రావాల. వాళ్లూ నాకు బేరమే. అయినా ముసలి తల్లిదండ్రులను తీసుకుని వచ్చి, దర్శనం టైముకు అందుతామో లేదో అని పుత్తూరు నుంచి గడియారం చూసుకునే వాళ్లను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వానికి ఒక్క మాట. 2018 డిసెంబరులో విజయవాడ నుంచి సింగపూరుకు విమానం నడపడానికి అప్పటి ప్రభుత్వం ఖాళీ సీట్ల నష్టం భరిస్తానని ముందుకు వచ్చింది. కొన్ని నెలలు నడిచి 2019లో ఆగిపోయింది. ఆ డబ్బు వృథా అని కొందరు, కాదు ఇంకొన్నాళ్లు ఆగాల్సింది అని కొందరు అన్నారు. నేను అనేది ఇది. 2022లో విజయవాడ నుంచి షార్జాకు విమానం మొదలైంది. సింగపూరుకు వ్యాపారస్తులు ఎప్పుడో ఒకసారి పోతారు, గల్ఫ్‌కు కూలీ ప్రతి సెలవుకూ పోతాడు, ప్రతి సెలవుకూ వస్తాడు. సీటు నిండేది అక్కడ. మొదటి ఆరు నెలలు మీరు భరోసా ఇస్తే ఏడో నెల నుంచి మా పల్లెలే నింపుతాయి. వేసవిలో విమానం కడుపులో తోతాపురి, బేనీషా కాయలు కూడా పోతాయి. కువైట్‌లో మన కాయకు ఎంత మొహం వాచి ఉంటారో నా బండి క్యారియరు మీది పెట్టెలు చెబుతాయి.

విమానం వచ్చిన రోజు అక్కడ తెలుగు మాట్లాడే మనిషి ఒకరు, తెలుగులో రాసిన బోర్డులు ఉండాలని కూడా అడుగుతున్నాను. రేణిగుంటలో అది ఉంటుందిలే అనుకోవద్దు. ఏ కాగితం ఎక్కడ చూపాలో, చేతి సంచిలో ఏది పెట్టకూడదో, విమానం తప్పితే ఎవరిని అడగాలో మొదటిసారి పోయే ఆడమనిషికి ఆమె భాషలో చెప్పే బల్ల ఒకటి కావాల. మా చెల్లెలు ఆ రోజు అడిగింది ఇంతే. ఊరగాయ సీసా తీసి పక్కన పెట్టేసినప్పుడు ఎందుకు తీసినారో చెప్పే మనిషి లేక ఏడ్చిన ముసలమ్మను నేను చూసినాను. కొడుకు కోసం నలభై రోజులు ఎండబెట్టి పెట్టిన ఊరగాయ అది.

ట్రిప్పులు పోతాయని నా తోటి డ్రైవర్లు కొందరు నన్ను మందలించినారు. రేణిగుంటకు తేవడానికి, తీసుకుపోవడానికి కూడా బండ్లు కావాల్సిందే అని వాళ్లకు చెప్పినాను. రాత్రంతా తోలి తెల్లారి ఘాటు ఎక్కేటప్పుడు కన్ను మూతపడిన డ్రైవర్ల కథలు మా స్టాండులో అందరికీ తెలుసు. మా ఇంట్లో కూడా నేను మీనంబాకం పోయిన రాత్రి లైటు ఆర్పరు.

మా చెల్లెలు మళ్లీ కువైట్‌లోనే ఉంది. ఆమె కూతురు ఇంటర్ చదువుతుంది, మా ఇంట్లోనే ఉంటుంది. వచ్చే సంక్రాంతికి సెలవు దొరుకుతుందని పోయిన వారం ఫోను చేసింది. టికెట్టు ఏ ఊరికి తీయమంటావన్నా అని అడిగింది. ఈ ఉత్తరం రాసి పంపినాక చెబుతానన్నాను. 2017 నుంచి నా బండిలో పేపరు చూపించి రెండేళ్లు, రెండేళ్లు అని చెప్పినవాణ్ణి. ఆ పేపరు ఇప్పుడు డాష్‌బోర్డులో మడతల దగ్గర చిరిగిపోయింది. మీరు తేదీ చెబితే, ఆమెకు ఆ ఊరి పేరే చెబుతాను.

ఇట్లు,
ఒక ట్రావెల్స్ డ్రైవరు,
పీలేరు, పాత చిత్తూరు జిల్లా